రాజీనామా రాసిచ్చెయ్ అంటున్నారు, సంతకం పెట్టాలా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మేము మూసాపేటలో ఉంటాం. 2021 మార్చి నుంచి కూకట్‌పల్లిలో ఒక బట్టల షోరూమ్‌లో బిల్లింగ్ కౌంటర్‌లో పని చేస్తున్నాను. మొత్తం అరవై మంది స్టాఫ్. జీతం 18,000. స్లిప్పులో బేసిక్ 9,500, మిగతాది అలవెన్సులు. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా డ్యూటీ, మధ్యలో గంట లంచ్. పండగ సీజన్‌లో వీక్లీ ఆఫ్ కూడా ఉండదు. క్యాష్ తక్కువ వస్తే షార్టేజీ అని జీతంలో కట్ చేస్తారు. పీఎఫ్ ప్రతి నెలా కట్ అవుతోంది, కానీ పాస్‌బుక్‌లో ఎనిమిది నెలలుగా ఏమీ పడలేదు. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వలేదు. నా డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులోనే ఉన్నాయి. మొన్న సంక్రాంతి రద్దీ తగ్గగానే ఫ్లోర్ ఇన్‌చార్జి పిలిచి, "బిజినెస్ డల్‌గా ఉంది, నువ్వే రాజీనామా రాసిచ్చెయ్, లేకపోతే ఫుల్ అండ్ ఫైనల్ కూడా రాదు" అన్నాడు. అంటే మానేటప్పుడు ఇచ్చే చివరి లెక్క డబ్బు. మా ఆయనేమో, "గొడవెందుకు, సంతకం పెట్టేసి ఇంకోచోట చూసుకో" అంటున్నారు. నాతో పని చేసే ఇంకో అమ్మాయికి ఇప్పుడు అయిదో నెల. ఆమెను కూడా మానెయ్యమన్నారు, డెలివరీ అయ్యాక చూద్దామన్నారు. మాలాంటి వాళ్లకు అసలు హక్కులేమైనా ఉన్నాయా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సమాధానం: చెల్లెమ్మా, రేపు డ్యూటీకి వెళ్లినప్పుడు ఆ కాగితం మళ్లీ మీ ముందు పెడితే సంతకం పెట్టకండి. "ఇంట్లో మాట్లాడి చెబుతాను సార్" అని బయటికి వచ్చేయండి. గట్టిగా మాట్లాడాల్సిన పని లేదు, చట్టం పేరు ఎత్తాల్సిన పని కూడా లేదు. తెల్ల కాగితం మీద గానీ, ఓచర్ మీద గానీ, చదవనివ్వకుండా చేతికిచ్చిన ఏ కాగితం మీద గానీ సంతకం వద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తప్పు నేను చేశాను. చాలా ఏళ్ల కిందట అబిడ్స్ దగ్గర ఒక ఆఫీసులో ఆరేళ్లు అకౌంట్లు రాశాను. చివరి రోజు ఒక కవరు, ఒక కాగితం ఇచ్చారు. కవరులో ఆ నెల జీతం ఉంది. కాగితం చదవకుండానే సంతకం పెట్టాను. "నా ఇష్టపూర్వకంగా మానుతున్నాను, నాకు రావలసినవన్నీ అందాయి" అని అందులో ఉందని చాలా రోజుల తర్వాత తెలిసింది. ఏళ్ల తరబడి పని చేసిన వాళ్లకు మానేటప్పుడు యజమాని ఇవ్వాల్సిన డబ్బును గ్రాట్యుటీ అంటారు, ఆ మాట అప్పటికి నేను వినను కూడా వినలేదు. అడగడానికి వెళ్తే ఆ కాగితమే చూపించారు. ఆ రోజు నాకు ఈ నాలుగు ముక్కలు చెప్పేవాళ్లు లేరు. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

వాళ్లు మిమ్మల్ని తీసేయడం వేరు, మీరు మానేయడం వేరు. షోరూములు, దుకాణాలు మన రాష్ట్రంలో తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం 1988 కిందికి వస్తాయి. కనీసం ఆరు నెలలు వరసగా పని చేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయడానికి ఆ చట్టంలోని 47వ సెక్షన్ ఒప్పుకోదు. కారణం ఉన్నా నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా నెల జీతం చేతిలో పెట్టాలి. తీసేయడం అన్యాయమనిపిస్తే కార్మిక శాఖలో అప్పీలు చేసుకోవచ్చు. మీరు రాజీనామా రాసిచ్చిన మరుక్షణం ఇదంతా వాళ్ల నెత్తి మీద నుంచి దిగిపోతుంది. కారణం చెప్పక్కర్లేదు, నోటీసు అక్కర్లేదు, అప్పీలుకు మీకు చోటే ఉండదు. బిజినెస్ నిజంగానే డల్‌గా ఉండొచ్చు. చిన్న వ్యాపారులకు ఎన్ని ఇబ్బందులుంటాయో నాకూ తెలుసు. అలాంటప్పుడు లెక్క కట్టి, నోటీసు ఇచ్చి పంపే దారి చట్టంలోనే ఉంది. ఆ దారి వదిలేసి మీతోనే రాయించుకోవాలని చూస్తున్నారంటే, ఆ లెక్క తప్పించుకోవడానికే.

ఆ లెక్క ఎంతో చూద్దాం. మీరు చేరింది 2021 మార్చి. ఈ మార్చికి అయిదేళ్లు నిండుతాయి. మీ ఉత్తరంలో ఈ సంగతి మీరు గమనించినట్టు లేదు, కానీ నా కళ్లు ముందు అక్కడే ఆగాయి. అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. చివరి నెల బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 15తో గుణించి, 26తో భాగించి, ఎన్నేళ్లు చేశారో దానితో గుణించాలి. మీకు 9,500 మీద ఏడాదికి సుమారు 5,480 చొప్పున అయిదేళ్లకు 27,400 రూపాయలు. ఉద్యోగం మానిన 30 రోజుల్లో యజమాని ఇది కట్టాలి, ఆలస్యమైతే వడ్డీతో సహా. రెండు నెలల ముందు మీతో రాజీనామా రాయిస్తే ఈ డబ్బు వాళ్లకు మిగులుతుంది.

ఒకవేళ మార్చి లోపే మిమ్మల్ని పంపేసినా ఆశ వదులుకోకండి. వారానికి ఆరు రోజులు నడిచే చోట ఏడాదిలో 240 రోజులు పని చేస్తే దాన్ని పూర్తి ఏడాదిగా లెక్కించాలని చట్టంలోనే ఉంది. దాన్ని బట్టి నాలుగేళ్ల మీద 240 రోజులు చేసిన వాళ్లకు గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనని మద్రాసు హైకోర్టు తీర్పు ఇచ్చింది. మీకు ఆ 240 రోజులు ఎప్పుడో దాటాయి. కాకపోతే యజమానులు దీని మీద వాదనకు దిగుతారు. మార్చి దాటితే ఆ వాదనే ఉండదు. కాబట్టి ఈ రెండు నెలలు ఓపిక పట్టి ఉద్యోగంలో ఉండటమే మేలని నా అభిప్రాయం. ఇప్పుడు ఏడాదికే గ్రాట్యుటీ వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతున్న మాట మీ దాకా వచ్చి ఉంటుంది. అది ఇంత కాలానికని రాసుకుని కాంట్రాక్టు మీద చేరిన వాళ్లకు. మీలాంటి మామూలు ఉద్యోగులకు అయిదేళ్ల నియమం అలాగే ఉంది.

కొత్త చట్టాల సంగతి కూడా చెప్పాలి. 2025 నవంబర్ 21 నుంచి దేశమంతా నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో మీకు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. ప్రతి ఉద్యోగికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి. అప్పటికే పని చేస్తూ లెటర్ లేని వాళ్లకు కూడా కోడ్ వచ్చిన మూడు నెలల్లో ఇవ్వాలి. అలవెన్సులు జీతంలో సగానికి మించితే, మించినదంతా కలిపే గ్రాట్యుటీ, పీఎఫ్ లెక్క వేయాలి. మీ బేసిక్ సగం దాటింది కాబట్టి ఇందులో మీకు తేడా లేదు. ఇక "ఫుల్ అండ్ ఫైనల్ రాదు" అన్న బెదిరింపు ఉంది చూశారా, దానికి సూటి జవాబు ఆ నాలుగింటిలో ఒకటైన వేతనాల కోడ్‌లోనే ఉంది. తీసేసినా, మీరే మానేసినా, రావలసిన జీతం రెండు పని దినాల్లో ఇచ్చెయ్యాలి. సంతకం పెడితేనే ఇస్తాం అనే షరతు ఏ చట్టంలోనూ లేదు.

పీఎఫ్ విషయం నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది. బేసిక్ మీద 12 శాతం, అంటే నెలకు 1,140 రూపాయలు మీ జీతంలోంచి తీసుకుంటున్నారు. అంతే డబ్బు యజమాని కూడా వేసి, తర్వాతి నెల 15వ తేదీ లోపు కట్టాలి. ఎనిమిది నెలలకు మీ వాటానే 9,120, రెండూ కలిపితే 18,240. ఉద్యోగి జీతంలోంచి కోసుకుని కట్టకపోవడం ఆలస్యం కిందికి రాదు. నమ్మి అప్పగించిన సొమ్మును వాడేసుకున్న నేరం కింద పోలీసు కేసు దాకా వెళ్లే విషయం అది. హైదరాబాద్‌లో పీఎఫ్ అనగానే అందరూ బర్కత్‌పురా ఆఫీసుకు పరిగెత్తుతారు. మీరు ముందు ఫోన్‌లో ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి ఖాళీగా ఉన్న నెలలకు స్క్రీన్‌షాట్లు తీయండి. ఆ నెలల పే స్లిప్పులు పక్కన పెట్టుకోండి. పీఎఫ్ సంస్థ (ఈపీఎఫ్ఓ) ఫిర్యాదుల వెబ్‌సైటులో మీ యూఏఎన్, అంటే మీ పీఎఫ్ సభ్యత్వ నంబరుతో ఫిర్యాదు పెడితే రిజిస్ట్రేషన్ నంబరు వస్తుంది, దాన్ని రాసి పెట్టుకోండి. మీ ఒక్కరికే కట్టకుండా ఉంటారని నేననుకోను. మిగతా వాళ్లనూ పాస్‌బుక్ చూసుకోమనండి. పది మందికి పడలేదని తేలితే ఆ ఫిర్యాదుకు బలం వేరుగా ఉంటుంది.

మీ జీతం 21,000 లోపు కాబట్టి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా కూడా ఉండాలి. మీ వాటా 0.75 శాతం, అంటే నెలకు 135 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం. స్లిప్పులో ఈ కటింగ్ ఉందో లేదో చూడండి. ఉంటే మీకూ మీ ఇంట్లో వాళ్లకూ సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి తలుపు తెరిచి ఉన్నట్టే. ఇన్నేళ్లు కటింగ్ అవుతున్నా కార్డు ఎలా వాడాలో తెలియక ప్రైవేటులో వేలకు వేలు కట్టిన వాళ్లను నేను చాలామందిని చూశాను.

ఇక పని గంటలు. పదింటి నుంచి తొమ్మిదిన్నర దాకా, లంచ్ గంట తీసేస్తే రోజుకు పదిన్నర గంటలు. వారానికి 63. చట్టం ఒప్పుకునేది రోజుకు 8, వారానికి 48. "పది గంటలు చేయించుకోవచ్చని గవర్నమెంటే చెప్పింది" అని మీ ఇన్‌చార్జి అనొచ్చు. 2025 జులైలో అలాంటి ఉత్తర్వు వచ్చిన మాట నిజమే. కానీ అది వాణిజ్య సంస్థలకు, దుకాణాలను అందులోంచి మినహాయించారు. ఆ ఉత్తర్వు వర్తించే చోట కూడా వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాల్సిందే. ఓవర్‌టైమ్ అంటే గంటకు రెట్టింపు వేతనం. ఒక్క బేసిక్ మీదే లెక్క వేసినా మీకు గంటకు సుమారు 91 రూపాయలు, వారానికి 15 గంటలకు 1,370 దాకా వస్తుంది. నెలకు అయిదు వేలు దాటుతుంది. ఏడాదికి ఎంతో మీరే చూడండి, మీ గ్రాట్యుటీ దీని ముందు చిన్నది. ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ ఇవ్వరు. పండగ సీజన్‌లో పోయిన వీక్లీ ఆఫ్‌లు కూడా తేదీలతో రాసుకోండి.

షార్టేజీ కటింగ్‌కూ నియమం ఉంది. క్యాష్ మీ చేతికి అప్పగించి, మీ నిర్లక్ష్యం వల్లే అది పోయిందని తేలితేనే కట్ చేయాలి. అది కూడా మీ సంజాయిషీ విన్న తర్వాత, పోయినంత వరకే. ఒక కౌంటర్ మీద ముగ్గురు మారుతుంటే ఎవరి దగ్గర తగ్గిందో తేల్చకుండా అందరికీ తలా కొంత కోయడం కుదరదు.

సర్టిఫికెట్ల గురించి ఒక్కటే చెబుతాను. మీ ఒరిజినల్స్ పెట్టుకునే అధికారం ఏ యజమానికీ లేదు. మార్చి దాకా ఆగకుండా ఇప్పుడే, "బ్యాంకు పనికి కావాలి" అనో "పై చదువుకు అప్లై చేస్తున్నా" అనో కాకుండా ఉన్న మాటే రాసి అడగండి: అవి నావి, తిరిగి ఇవ్వండి. అబద్ధపు కారణం చెబితే పని అయ్యాక మళ్లీ తెచ్చివ్వమంటారు. రాతపూర్వకంగా అడిగినా ఇవ్వకపోతే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

ఇప్పుడు మీ ఆయన మాట. ఆయన చెప్పిన దాంట్లో తప్పు పట్టడానికి లేదు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు నెత్తిన ఉన్నప్పుడు ఎవరికైనా గొడవ అంటే భయమే. కూకట్‌పల్లిలో షోరూములన్నీ ఒకరికొకరు తెలిసిన వాళ్లు, రిలీవింగ్ లెటర్ లేకపోతే ఇంకోచోట ఎలా అనే భయం కూడా ఉండే ఉంటుంది. ఆయనకు ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి చూపించండి. 27,400 గ్రాట్యుటీ, 18,240 పీఎఫ్, నెలకు అయిదు వేల పైన ఓవర్‌టైమ్, నోటీసు నెల జీతం. సంతకం పెడితే వదులుకునేది ఏమిటో చూశాక ఆయన కూడా అంత తేలిగ్గా చెప్పలేరు. మీకు అక్కడ ఉండాలని లేకపోతే మానడం తప్పేమీ కాదు. అయితే లెక్క అంతా తేలి, రిలీవింగ్ లెటర్, సర్టిఫికెట్లు చేతికి వచ్చాక మానండి. చాలా యజమానులు ఉద్యోగికి లెక్క తెలుసని అర్థమైతే కూర్చుని మాట్లాడతారు. ముందు ఆ దారే చూడండి.

సాక్ష్యం మాత్రం ఈ రోజు నుంచే పోగు చేయండి. లెటర్ లేకపోయినా మీరు అక్కడ ఉద్యోగి అని చూపించడానికి చాలా ఉన్నాయి. బ్యాంకులో పడిన జీతం ఎంట్రీలు, ఐడీ కార్డు, పే స్లిప్పులు, డ్యూటీ టైమింగ్స్ పెట్టే వాట్సాప్ గ్రూపు మెసేజులు, వేలిముద్ర హాజరు. అన్నీ ఫొటోలు తీసి షోరూమ్ వాళ్ల చేతికి అందని చోట దాచండి. ఒక నోట్‌బుక్‌లో ఏ రోజు ఎన్నింటికి వచ్చారో, ఎన్నింటికి వెళ్లారో రాయండి. ఇన్‌చార్జి ఎప్పుడు ఏమన్నాడో ఆ మాటల్లోనే రాయండి. జీతం ఇచ్చామని నిరూపించుకోవాల్సిన బాధ్యత యజమానిదేనని వేతనాల కోడ్ చెబుతోంది. అయినా మీ దగ్గర కాగితం ఉంటే పని తొందరగా అవుతుంది.

ఒకవేళ "రేపటి నుంచి రావద్దు" అని నోటితో చెప్పేస్తే, ఇంట్లో కూర్చోకండి. చాలామంది ఇక్కడే మోసపోతారు. నాలుగు రోజులు రాకపోతే "చెప్పకుండా పని వదిలి వెళ్లిపోయింది" అని రాసేసుకుంటారు. మర్నాడు కూడా టైముకు వెళ్లండి. లోపలికి రానివ్వకపోతే గేటు దగ్గరి నుంచే "డ్యూటీకి వచ్చాను, లోపలికి రానివ్వలేదు" అని మేనేజర్‌కు మెసేజ్ పెట్టండి. అదే మాట కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఈ ఉత్తరం మీకు చేరేలోపే బలవంతంగా సంతకం పెట్టించుకుని ఉంటే, ఆ రోజే "నాతో ఒత్తిడి చేసి రాయించారు, వెనక్కి తీసుకుంటున్నాను" అని రాసి పంపండి. రాజీనామా ఆమోదించి అమల్లోకి రాకముందు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు.

మాట్లాడినా పని కాకపోతే ఎక్కడికి వెళ్లాలి? ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్ ఉంది, కార్మిక శాఖ కమిషనర్ కార్యాలయం అదే. ఆల్విన్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా పని చేసి ముఖ్యమంత్రి దాకా ఎదిగిన అంజయ్య గారి పేరు దానికి పెట్టారు. మీ షోరూమ్ ఏ అధికారి పరిధిలోకి వస్తుందో అక్కడ అడిగితే చెబుతారు. మూసాపేటలో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో మారితే నేరుగా అక్కడే దిగొచ్చు. సిటీ బస్సులో అయితే మహాలక్ష్మి జీరో టికెట్ ఎలాగూ ఉంది. దరఖాస్తు తెలుగులో రాయొచ్చు. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. వేతనాల కోడ్ కింద దరఖాస్తుకు మూడేళ్ల గడువు ఉంది. కానీ తీసేసిన దాని మీద అప్పీలు అంతకాలం ఆగదు, వారం లోపే కదలండి.

లాయరు ఫీజు గురించి దిగులు వద్దు. న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100కు ఫోన్ చేయొచ్చు, లేదా పురానీ హవేలీలోని న్యాయ సేవా సదన్‌కు వెళ్లొచ్చు.

మీతో పని చేసే ఆ అమ్మాయికి ఈ పేరా చదివి వినిపించండి. ఆమెకు ఈఎస్ఐ ఉంటే, నిర్ణీత రోజులకు చందా పడి ఉంటే, 26 వారాల ప్రసూతి సెలవుకు పూర్తి సగటు వేతనం ఈఎస్ఐ సంస్థే చెల్లిస్తుంది. యజమాని జేబులోంచి రూపాయి పోదు. ఈఎస్ఐ లేకపోతే, కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పని చేసి ఉంటే చాలు, యజమానే ఇవ్వాలి. ఇప్పుడు మానిపిస్తే ఆ 26 వారాల జీతం ఆమె తనంతట తానే వదిలేసినట్టు కాగితం తయారవుతుంది. ప్రసూతి సెలవులో ఉన్న ఉద్యోగిని తీసేయడం చట్టవిరుద్ధం. గర్భిణి అనే కారణంతో ముందే తీసేసినా ఆమెకు రావలసిన ప్రసూతి డబ్బు పోదు. ఆమె కూడా ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు. మీరిద్దరూ కలిసి వెళ్లి మాట్లాడితే ఇంకా మంచిది.

ఈ రాత్రే మేనేజర్‌కు పంపాల్సిన మెసేజ్ కింద రాస్తున్నాను. తేదీ, పేరు మార్చుకుని ఇలాగే పంపండి. కోపం మాటలేవీ కలపకండి.

"సార్, నమస్తే. ఈ నెల ఫలానా తేదీన ఫ్లోర్ ఇన్‌చార్జి గారు నన్ను రాజీనామా రాసి ఇమ్మన్నారు. నాకు ఉద్యోగం మానే ఉద్దేశం లేదు. ఎప్పటిలాగే డ్యూటీకి వస్తాను. ఎనిమిది నెలలుగా నా పీఎఫ్ జమ కాలేదు, దయచేసి కట్టించండి. అపాయింట్‌మెంట్ లెటర్, నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇప్పించగలరు."

పంపాక దాని స్క్రీన్‌షాట్ తీసి మీ ఆయన ఫోన్‌కు కూడా పంపండి. రేపు స్టాఫ్ గ్రూపులోంచి మిమ్మల్ని తీసేసినా, మీ ఫోన్ పోయినా, అది ఆయన దగ్గర ఉంటుంది.